జానెడు దించిన టాపు

మా ఆయనకి, మీ ఇంటిది నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ పాపా కులాసా. పని దగ్గర దూలం తగిలిన మీ మెడ నొప్పి కాస్తయినా తగ్గిందని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. మొదటి ప్రశ్న ట్రక్కు గురించి, తర్వాత దాని సీటు గురించి, ఆ తర్వాత మీ ఊలు దుప్పటి గురించి. పాప ఎలా ఉందన్న మాట సంతకం పక్కన ఇరికించారు. మీరు అడిగిన వరుసలోనే జవాబు చెబుతాను.

ట్రక్కు లక్షణంగా ఉంది. షెడ్డు గోడ మీద మీరు సుద్దముక్కతో గీసిన బొమ్మ గుర్తుందా? గుంజలు కోసి కేబిన్ టాపు నాలుగు వేళ్లు దించితే బండి పులిలా ఉంటుందని ఇంటికొచ్చిన ప్రతివాడినీ లాక్కెళ్లి చూపించేవారు. ఆ ముచ్చట తీర్చేశాను. నోరు వెళ్లబెట్టకండి. రేకుల పనివాడి కూతుర్ని, పెళ్లికి ముందు నాన్న దగ్గర వెల్డింగ్ చేసినదాన్నే కదా! సాయానికి తమ్ముణ్ణి పిలిస్తే వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బావ నన్ను చంపేస్తాడక్కా!"

"చంపితే నన్ను చంపుతాడు. నువ్వు రేకు పట్టుకోరా."

కోసాక కేబిన్ వంకర పోకుండా ముందే లోపల అడ్డంగా కడ్డీలు అతికించాం. గుంజలన్నీ గ్రైండర్‌తో కోసి టాపు దించితే, ముందు గుంజలు ఏటవాలు కదా, పైముక్క కింది ముక్క మీద కూర్చోనని మొరాయించింది. టాపుని నడిమికి కోసి, మధ్యలో రేకు పట్టీ వేసి పొడుగు చేశాం. ముందు అద్దం దుకాణంలో కోసిచ్చారు. తలుపు అద్దం నేనే కోయబోతే ఉప్పుకల్లులా జలజలా రాలిపోయింది. పోతే పోనీ, గాలి వస్తుందిలే అన్నాడు తమ్ముడు.

సీటు భద్రంగా ఉంది. నిప్పురవ్వలు పడకుండా మీ ఊలు దుప్పటి తడిపి దాని మీద కప్పాను. దుప్పటి జల్లెడైపోయింది. మూడో ప్రశ్నకి జవాబు అదే.

ఇక ఒక మాట దాచి లాభం లేదు. మీరు గీసుకున్నది నాలుగు వేళ్లు, నేను దించింది జానెడు. సీట్లో నిటారుగా కూర్చుని, నా తల మీద అట్టముక్క పెట్టించి, అక్కడికే గీత గీయించాను. నాకు సరిగ్గా సరిపోయింది. పాప ఎదిగినా నా అంతే అవుతుంది, దానికి మీ పొడుగు రాలేదు. మీరు కూర్చోవాలంటే మాత్రం మెడ బాగా వంచాలి. అది ఇక వంగదని డాక్టరు తేల్చేశాడని మీరే రాశారు. "ఇంటికొచ్చి నా బండి స్టీరింగ్ పట్టుకుంటే చాలు, బతికేస్తాను" అనీ రాశారు. ఆ ముక్క చదివాకే జానెడు అనుకున్నాను. కొలత తప్పలేదు. జాలి కూడా కలగలేదు.

చివరికి పాప సంగతి. బాగానే ఉంది, కుడి మోచెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా చాపలేదు. గోడ మీంచి పడి ఎముక బయటికొచ్చిన రోజు, దాన్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి కేబిన్ తలుపు తీశాను. "ఆగాగు! కొత్త సీటే, నెత్తురు మరక ఛస్తే పోదు" అని మమ్మల్ని వెనక తొట్టిలో ఎక్కించారు. ఆసుపత్రి దాకా గుంట గుంటకీ అది పెట్టిన కేకలు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. మీరు లోపల రేడియో గట్టిగా పెట్టుకున్నారు.

వచ్చే నెల మీరు దిగే రోజు స్టేషనుకి మేమే వస్తాం, బస్సు కోసం చూడకండి. బండి నేనే నడుపుతాను, తమ్ముడు నేర్పాడు. పాప నా పక్కన కూర్చుంటుంది. మీకు వెనక తొట్టిలో గోనెసంచులు పరిచి ఉంచుతాను. ఆ రోజు మాకు అవి కూడా లేవు. స్టేషనుకీ ఆ ఆసుపత్రి రోడ్డే, ఇంకా బాగుచెయ్యలేదు, మెడ జాగ్రత్త.

ఇట్లు,
పాప వాళ్లమ్మ