ఎలియేజరు గారి పడకగది గోడ

నయీమ్, బహ్రెయిన్,
నవంబరు

బుసైతీన్ ఆఫీసులో మా భవనం రిపేర్లు చూసే గిడియోన్ గారికి,

నయీమ్ భవనం రెండో అంతస్తు నుంచి ఎలియేజరు వందనాలు. ప్రభువు కృపవలన నేనూ నా భార్య రూతమ్మా క్షేమం. మీరూ క్షేమమని నమ్ముతున్నాను.

ఇక క్షేమంగా లేనిది మా పడకగది గోడ. మంచం తలవైపు మూలలో నల్లటి బూజు పట్టింది. రూతమ్మ సబ్బునీళ్లతో కడిగితే పోయింది. కొన్నాళ్లకి తిరిగొచ్చింది. బ్లీచ్ వేసి రుద్దితే మళ్లీ పోయింది. ఈసారి వచ్చేటప్పుడు చుట్టాలని కూడా వెంటబెట్టుకొచ్చింది. చెయ్యి పెడితే గోడ చల్లగా, నానిన రొట్టెలా మెత్తగా తగులుతోంది.

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే పాట వస్తోంది. ఆ పాట పూర్తయ్యేలోగా లాండ్రీలో నా టీ టైం అయిపోతోంది. పైగా అక్కడి మిషన్ల మోతకి నా చెవులు సగమే పనిచేస్తాయి. మీరు తెలుగువారని మీ పెయింటర్ ముత్యం చెప్పాడు కనక ఈ ఉత్తరం రాసి అతని చేతికే ఇస్తున్నాను.

ప్రతి శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. ఉన్నవాటిలో పెద్దది కనక సంఘమంతా ఆ గదిలోనే కూర్చుంటారు. ఆ గోడని చూసి రూతమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది. దయచేసి ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
ఎలియేజరు

తా.క.: సంఘంలో ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం చెబుతున్నారు. ఒకరు సున్నం అంటే ఒకరు కర్పూరం అంటారు. మా సంఘపెద్ద సోమరాజు గారైతే గోడకి నూనె రాసి ప్రార్థన చేశారు. బూజు అలాగే ఉంది, ఇప్పుడు నిగనిగలాడుతోంది.


బుసైతీన్,
నవంబరు

గౌరవనీయులైన ఎలియేజరు గారికి,

గిడియోన్ వందనాలు. నేనూ ప్రభువు బిడ్డనే. ఇక్కడి తెలుగు సహవాసంలో కీబోర్డు వాయిస్తాను. మీరు క్షేమమని చదివి సంతోషం.

గోడల విషయంలో మా ఆఫీసుకి ఒక పద్ధతి ఉంది. మరక అరచేయంత ఉండి, తుడిస్తే పోయి, మళ్లీ రాకపోతే అది మీ పని. తిరిగొస్తే మా ముత్యం పని. తలుపు రెక్కని మించినా, గోడ లోపల ఎక్కడో నీళ్లు కారుతున్నాయని తెలిసినా, ఇంట్లో ఎవరికైనా దగ్గూ ఆయాసం ఉన్నా అది మా ఎవరి పనీ కాదు. దానికి వేరే మనుషులున్నారు. మాస్కులు కట్టుకుని, మిషన్లు తెచ్చి, గోడ తెరిచి, కారే పైపు వెతికి, బూజుని వేళ్లతో సహా తీసి వెళతారు. వాళ్లని పిలవాలంటే మా మేనేజరు సంతకం కావాలి. ఆయన ఊరికే కలం తీసే మనిషి కాదు. ఇంట్లో జబ్బుందంటే మాత్రం మర్నాడే పెడతాడు.

కాబట్టి రెండు సంగతులు రాయండి. మరక ఎంత ఉంది? ఇంట్లో ఎవరికైనా దగ్గుగానీ ఆయాసంగానీ ఉందా?

ఇట్లు,
గిడియోన్

తా.క.: దయచేసి ఇంకెవరినీ గోడకి నూనె రాయనివ్వకండి. నూనె మీద మా పెయింటు నిలవదు.


నయీమ్,
డిసెంబరు

ప్రియమైన తమ్ముడు గిడియోన్‌కి,

ఎలియేజరు వందనాలు. మేమిద్దరం క్షేమం. నువ్వూ ప్రభువు బిడ్డవే అన్నావు కనక తమ్ముడూ అంటున్నాను, ఏమీ అనుకోకు.

మరక తలుపు రెక్కలో సగం ఉంటుంది. ఇక రెండో ప్రశ్న. రూతమ్మకి ఎండాకాలం నుంచీ దగ్గు. మెట్లెక్కితే ఆయాసపడేది. సంఘమంతా ఆమె కోసం ప్రార్థించారు. పోయిన శుక్రవారం ఆమె లేచి నిలబడి, నేను స్వస్థత పొందాను అని అందరిముందు సాక్ష్యం చెప్పింది. మన సంగతి నీకు తెలియనిది కాదు. అంతమంది ముందు చెప్పాక మళ్లీ జబ్బుందని కాగితం మీద రాస్తే అది అవిశ్వాసం అవుతుంది. కనక విశ్వాసంతో రాస్తున్నాను, మా ఇంట్లో జబ్బుపడినవారెవరూ లేరు.

ఇట్లు,
నీ అన్న ఎలియేజరు

తా.క.: సాక్ష్యం మధ్యలో రూతమ్మకి దగ్గు తెర వచ్చింది. అది దగ్గు కాదు, దగ్గు వెళ్లిపోతూ చెప్పే వీడ్కోలు అని సోమరాజు గారు తేల్చారు. వీడ్కోలు ఇంకా సాగుతోంది.


బుసైతీన్,
డిసెంబరు

ఎలియేజరు అన్నయ్యకి,

గిడియోన్ వందనాలు. మీ ఇంట జబ్బు లేదన్న మాట ఇంగ్లీషులో రాసి మేనేజరుకి ఇచ్చాను. ఆయన చాలా సంతోషించి, అయితే సంతకం అక్కర్లేదన్నాడు.

సరే అని ముత్యాన్ని పంపాను. మీరు డ్యూటీలో ఉన్నారట. వచ్చి ఇలా చెప్పాడు: “అన్నా, గోడ మంచిగనే ఉన్నది. నీలం పరదా కట్టిన్రు, మస్తుగున్నది. అక్క చాయ్ పోసింది, బిస్కెట్లు పెట్టింది. పరదా ఎనుక ఏమున్నదో నేనెట్ల జూస్త? పరాయోళ్లు పండుకునే అర్ర గదా.”

అన్నయ్యా, అడుగుతున్నానని కోపం తెచ్చుకోకండి. మీరు రాసిన గోడా, అతను చూసిన గోడా ఒకటేనా? క్రిస్మస్‌కి కొత్త రంగు వేయించుకోవాలని బూజు కథలు చెప్పేవాళ్లు మాకు ఏటా తగులుతుంటారు.

ఇట్లు,
గిడియోన్

తా.క.: ఇంకోసారి వెళ్లి చూసి రావాలా అని ముత్యం అడుగుతున్నాడు. గోడ కోసం కాదు, బిస్కెట్ల కోసమని నా అనుమానం.


నయీమ్,
డిసెంబరు

గిడియోన్ గారికి,

ఎలియేజరు వందనాలు. మేం క్షేమం. కథలు చెప్పేవాణ్ణని రాశారు కనక ఈ ఉత్తరానికి మాత్రం మిమ్మల్ని గారు అనే అంటాను.

ఆ పరదా రూతమ్మ కట్టింది. శుక్రవారం వచ్చేవాళ్లకి గోడ కనపడకూడదని కట్టి, మీ పెయింటర్ వచ్చినా తీయలేదు. “రిపేరుకి వచ్చినవాడికి కూడా చూపించకపోతే ఎలాగే?” అని అరిచాను. “ఏవండీ, బయటివాళ్లు ఇంటికొస్తే అంట్లగిన్నెలు ముందు పెడతామా ఏటి? ఇదీ అంతే” అంది.

ఇంకో సంగతి. ప్రార్థన కోరేవారిని మేం ఆ పరదాకే ఆనించి కూర్చోబెడతాం, అక్కడైతే ఏసీ గాలి తగలదని. రూతమ్మ స్వస్థత నిలబడాలని ఇప్పుడు వారం వారం ప్రార్థన చేస్తున్నారు కదా, ఆ చోటు ఆమెదే అయిపోయింది. ప్రార్థన ఎంత పొడుగైతే ఆమె అక్కడ అంతసేపు కూర్చుంటుంది. లేచేసరికి గొంతు పూడుకుపోయి ఉంటుంది.

వచ్చే శుక్రవారం నేను ఇంట్లోనే ఉంటాను. ముత్యాన్ని పంపండి. పరదా నేనే లాగి చూపిస్తాను.

ఇట్లు,
కథలు చెప్పని ఎలియేజరు

తా.క.: పరదా వెనకవైపుకి కూడా బూజు పాకింది. రూతమ్మ దాన్ని ఉతికి ఆరేసి, ఆ లోటు తెలియకుండా ఇంకో పరదా కట్టింది.


బుసైతీన్,
జనవరి

అన్నయ్యకి,

గిడియోన్ వందనాలు. క్షమించండి. పరదా తీశాక చూసింది ముత్యం చెప్పాడు. అప్పుడు తను వేసిన రంగు వారం తిరక్కుండానే ఉబ్బి ఊడిపోయిందని కూడా చెప్పాడు. ఇది ఇక బ్రష్షుతో అయ్యే పని కాదు. మేనేజరుని అడిగాను. జబ్బుపడినవారు లేరని వాళ్లే రాశారుగా, ఎండలు వచ్చాక చూద్దాం అన్నాడు.

వెళ్లేముందు ముత్యం ఇంకో మాట అన్నాడు. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. “అన్నా, అక్క మాట్లాడుతుంటె పిల్లికూతలు ఇనవడుతున్నయి. పాల పాకిట్ తెద్దామని దిగి, మెట్ల నడుమనే కూసున్నది. నన్ను జూసి నవ్వింది. ఏం లేదు తమ్మీ, అలుపు అన్నది.”

అన్నయ్యా, మీరు రాసింది నేను మన కూడికలో విన్నట్టు చదివాను, ఆమెన్ అన్నాను. ఆఫీసులో కూర్చున్నవాడు అలా చదవకూడదు. సంఘంలో చెప్పిన సాక్ష్యం అలాగే ఉండనివ్వండి. నాకు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక్క వాక్యం చాలు.

ఇట్లు,
మీ తమ్ముడు గిడియోన్

తా.క.: ఈసారి మీ ఇంట్లో బిస్కెట్లు ముట్టలేదని ముత్యం మీకు రాయమన్నాడు. అతనికి కూడా భయమేసింది.


మనామా, ఆస్పత్రి వరండా,
జనవరి

తమ్ముడికి,

వందనాలు. మేం క్షేమం. రూతమ్మని ఆస్పత్రిలో ఉంచారు. ముక్కుకి గొట్టం పెట్టారు. నాలుగు రోజులు చూసి పంపిస్తాం అన్నారు.

డాక్టరమ్మ మలయాళీ. ఛాతీ మీద గొట్టం పెట్టి వింటూనే, మీ ఇంట్లో గోడలకి చెమ్మ ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఆ గదిలో ఎవరు పడుకుంటారు అంది. ఈమే అన్నాను. తల వంచుకుని రాసుకుంది.

నువ్వడిగిన వాక్యం ఇదిగో. నా భార్యకి ఊపిరి ఆడటం లేదు. మేనేజరుకి చూపించు, సంతకం పెట్టించు. ఆమె ఇంటికొచ్చేలోగా ఆ గోడ బాగుచేయించు. సంఘానికి మాత్రం తెలియనివ్వకు. ఇంటికి చుట్టాలొచ్చారు, ఈ వారం కూడిక లేదని చెప్పాను. రూతమ్మే అలా చెప్పమంది.

ఇట్లు,
ఎలియేజరు

తా.క.: ఆమె పడుకున్నచోటి నుంచే ఆస్పత్రి గోడని వేలితో తడిమి చూసింది. గట్టిగా ఉందట. దీనికి పరదా అక్కర్లేదు అని నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది.


బుసైతీన్,
ఫిబ్రవరి

అన్నయ్యకి,

గిడియోన్ వందనాలు. మీ వాక్యం చదివిన రోజే మేనేజరు సంతకం పెట్టాడు. గోడ తెరిచే మనుషులు వచ్చారు, పని పూర్తయింది. మీరు ఆస్పత్రిలో ఉన్నారు కనక దగ్గరుండి చూసింది ముత్యమే.

గది గుమ్మానికి ప్లాస్టిక్ కట్టి గోడ తెరిచారు. మీ స్నానాలగదికీ పక్కింటి స్నానాలగదికీ నడుమ పాత పైపు ఒకటి అతుకు దగ్గర చెమర్చుతూ ఉందట, ఎన్నాళ్లుగానో. పైకి తలుపులో సగం కనపడ్డ మరక లోపల గోడంతా ఉంది. మనం తుడిచిందీ రంగు వేసిందీ దాని ముఖానికే. తడిసిన ప్లాస్టరింగంతా కొట్టేసి, మిషన్లు పెట్టి ఆరబెట్టి, కొత్త ప్లాస్టరింగు చేశారు. ఇప్పుడు తడిమితే గరుకుగా, పొడిగా ఉంది.

పైపు ఇద్దరిదీ కనక పక్కింటి గంగాప్రసాద్ వాళ్లవైపు కూడా తెరవమంటారా అని అడిగాం. ఆయన భార్య స్వర్ణ, “మాకేం లేదన్నా, అంత మంచిగనే ఉంది, గోడ పలగ్గొట్టకున్రి” అంది. సరే అని వదిలేశాం.

రూతమ్మక్కని తీసుకురండి. వచ్చే శుక్రవారం నేనే వచ్చి కలుస్తాను. నా కీబోర్డు కూడా తెస్తాను.

ఇట్లు,
మీ తమ్ముడు గిడియోన్

తా.క.: గోడకి ఏ రంగు కావాలో అక్కనే అడగండి. ఈసారి బిస్కెట్లు తనే తెస్తానని ముత్యం అంటున్నాడు.


రాజోలు,
మార్చి

తమ్ముడు గిడియోన్‌కి,

నీ ఉత్తరం నాకు అందేసరికి రూతమ్మ లేదు. మీ మనుషులు గోడ తెరిచిన రోజు ఉదయమే ఆమె వెళ్లిపోయింది. ముత్యం తాళం కోసం ఆస్పత్రికి వచ్చినప్పుడు నేనే ఇచ్చాను, పని ఆపకండి అన్నాను. నీకు చెప్పవద్దని కూడా అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆమె వచ్చేలోగా గోడ బాగవ్వాలని తప్ప ఆ రోజు నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఆమెని పడుకోబెట్టిన పెట్టెతో నేనూ మా ఊరు వచ్చేశాను. ఇక బహ్రెయిన్ రాను. గది ఖాళీ చేస్తున్నట్టు దీన్నే నా మాటగా తీసుకో.

తప్పు నువ్వు నీమీద వేసుకోవద్దు. అడగవలసింది అడిగావు, అడగవలసినప్పుడే అడిగావు. ఊపిరితిత్తులు ముందే బలహీనం, గోడ ఒక్కటే కారణమని చెప్పలేం అంది డాక్టరమ్మ. ఎండాకాలంలోనే ఆ గదిలోంచి తీసి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేసింది. ఆ మాట మిగతా సగం నేను రోజూ పూర్తిచేసుకుంటున్నాను. రూతమ్మ లేకుండా నాకు ఇంట్లోకి వెళ్లాలనిపించడం లేదు, బయటికి రావాలనిపించడం లేదు. నా చెవులు సగమే పనిచేస్తాయని నీకు రాశాను. ఆమె దగ్గు మాత్రం నాకు ఎప్పుడూ పూర్తిగానే వినపడింది.

ఆమె పోయాక జరిగిన ఆదరణ కూడికలో ఆమె విశ్వాసాన్ని అందరూ పొగిడారు. ఆఖరిదాకా జబ్బని నోటితో అనలేదు, అన్నారు. నాకు విశ్వాసం పోలేదు తమ్ముడూ. కానీ మనకి ఊపిరాడటం లేదని చెబితే దేవుడు నొచ్చుకుంటాడని మనకి ఎవరు చెప్పారు?

ఇది ఏడవడానికి రాస్తున్న ఉత్తరం కాదు. పక్కింటి సంగతి రాయాలని మొదలుపెట్టాను. వాళ్లకి చంటిపిల్ల ఉంది. నా సామాను సర్దుకోవడానికి వెళ్లినరోజు ఆ పిల్ల దగ్గడం గోడ ఇవతల నుంచి విన్నాను. ఆ దగ్గు నాకు తెలుసు. తలుపు కొట్టి అడిగితే స్వర్ణ, “ఏం లేదన్నా, పండ్లొస్తున్నయి” అంది. గోడ తెరిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారేమో, చంటిదాన్ని ఎత్తుకుని ఎక్కడికి పోవాలని స్వర్ణ భయం. మాది సిగ్గు, వాళ్లది భయం.

కాబట్టి వాళ్ల మాట నమ్మవద్దు. మేనేజరుకి ఏమీ రాయకముందే నువ్వు స్వయంగా వెళ్లు. ఇల్లు పోదని ముందు మాటివ్వు. లోపల కాసేపు కూర్చుని, ఎవరూ మాట్లాడనప్పుడు ఆ పిల్ల ఊపిరి విను. నీ చెవులు సంగీతం తెలిసిన చెవులు, నీకు అర్థమవుతుంది.

ఇట్లు,
నీ అన్న ఎలియేజరు

తా.క.: పిల్ల పేరు భూలక్ష్మి. రూతమ్మ మధ్యాహ్నాలు దాన్ని తెచ్చి మా మంచం మీదే పడుకోబెట్టుకునేది. నువ్వు వెళ్లొచ్చాక నాకు ఉత్తరం రాయి. పిల్ల క్షేమం అని రాయకు, ఎలా ఉందో రాయి.