కారు దగ్గర ఉపేంద్ర అనే చెప్పండి

ఏవండీ,
నందిగామ బస్సుకి టైమయింది, బడికి వెళ్తున్నా. బెంగుళూరు టికెట్టు, అక్కడ అత్తయ్యగారిని ఆస్పత్రికి తిప్పడానికి మాట్లాడిన అద్దె కారు, రెండూ అలవాటుగా బెన్ని పేరున రాయించేశా. మీ లైసెన్సులో ఉపేంద్ర అని ఉంది. కారు వాళ్ళకి ఫోన్ చేస్తే, పేర్లు కలవకపోతే తాళాలు ఇవ్వం అన్నారు. రెండు పేర్లూ మీవేనని కాగితం చూపించాలట. చర్చిలో ఇచ్చిన పెళ్ళి సర్టిఫికెట్‌లో రెండూ ఉన్నాయి, బ్యాగు పై జేబులో పెట్టా. లైసెన్సు మర్చిపోకండి.

మా నాన్న కోసం మీరు పేరు మార్చుకుంటే, పాత పేరు నేనే మర్చిపోయా. తప్పు నాదే.
జ్యోతి

"ఉపేంద్ర ఉన్నాడా" అని అత్తయ్యగారు ఫోన్లో అడిగినప్పుడల్లా, "బెన్ని అనండి" అని దిద్దేదాన్ని. ఇక దిద్దనని చెప్పండి.