గ్రైండర్ ముట్టుకునే ముందు

ఎల్సీ డాడీ,

షిఫ్టు నుంచి రాంగనే తానం చెయ్యి. యూనిఫాం బయట బకెట్‌ల వెయ్యి. ఆ తర్వాతనే గ్రైండర్ ముట్టుకో. పప్పు, బియ్యం నానబెట్టి పోతున్న.

మూడో ఫ్లోర్ టీచరమ్మ నిన్న మనం అమ్మిన దోశపిండి ప్యాకెట్ వాపస్ పంపిందని గంత పరేషాన్ అయితివి. పిండిల తప్పేం లేదు. నువ్వు మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి అవే చేతులతోని కలిపినవ్. ఆ వాసన పిండికి పట్టింది. మన ముక్కులకు అలవాటై మనకు తెల్వలే.

గంతదానికే నౌకరీ ఇడిసిపెట్టి పిండి దందానే చేస్తవా? యూనిఫాం జేబుల రాజీనామా కాయితం చూసిన. నాకు ఒక్క మాట చెప్పకుండ రాసినవని మస్తు కోపమొచ్చింది.

జెర ఆగు. నీకు వారానికొకటి మూడు షిఫ్టులు మారినా, బీరంగూడల మన ప్యాకెట్లు ఒక్క పొద్దు కూడ ఆగకుండ పోవాలె. అప్పుడు ఇడువు, నేనే ఇడువుమంట. నీకు కుదరని వారం నేను రుబ్బుత.

బస్సొచ్చే టైమైంది.

విమల

ఇంకో మాట. టీచరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. నవ్వి, రేపు రెండు ప్యాకెట్లు తెమ్మన్నది. నీ కాయితం చింపలే, బైబిల్‌ల పెట్టిన. తేది ఖాళీ ఇడిసినవ్ గదా, అది నేను రాస్త.