బైబిలు పట్టుకోని ఫొటో

8 జూన్, ఆదివారం
ఆరాధనలో జోయెల్ అన్న కెమెరాతో ప్రసంగ వేదిక మెట్లెక్కాడు. సంఘ పెద్ద గారి కొడుకు. మెడలో అంత పెద్ద కెమెరా. ఎవరూ అడగరు. వెనక బెంచీలో నేను ఫోన్ పైకెత్తానో లేదో, సంఘ పెద్ద గొంతు — "ఫోను లోపలెట్టమ్మా. దేవుని మందిరం."
కెమెరాకు మందిరం కాదు కాబోలు.

9 జూన్
నా ఫొటోలు చూపించాను. ఎందుకు చూపించాను? జోయెల్ అన్న వేలితో గబగబా జరుపుతూ — "బాగానే ఉన్నాయి చెల్లీ. ఫోన్ కదా, మరంతే."
ఆ 'మరంతే' సాయంత్రం బస్సులోనూ నా పక్కనే కూర్చుంది.

14 జూన్
ధర్మతల బజారు. కెమెరా దుకాణం ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి లోపలికి. దుకాణదారు కెమెరా తీసి చేతిలో పెట్టాడు. బరువు. హాబీయా, పనికా అని అడిగాడు. హాబీ — తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాను. "హాబీ హోలేఓ డీఎస్‌ఎల్‌ఆర్ లాగ్‌బే, దిది." హాబీకైనా ఈ పెద్ద కెమెరాయే కావాలట, అతని బెంగాలీలో.
ట్యూషన్ల డబ్బు సరిపోతుంది. అదే భయం. ఇక సాకు లేదు.

15 జూన్
వార్షికోత్సవ పుస్తకానికి సంఘంలోని ముసలివాళ్ల ఫొటోలు. జోయెల్ అన్న ఇంటికొచ్చాడు. కెమెరా కనబడగానే మామ్మ పళ్లసెట్టు పెట్టుకుంది, తెల్లచీర కొంగు సర్దుకుంది, బైబిలు గుండెల మీదికి తెచ్చుకుంది. మా వాళ్లంతా ఇంతే.
"నవ్వు మామ్మా."
"బైబిలట్టుకుని ఇకిలిత్తార్రా ఎవులైనా?"
అతను వెళ్లాక వంటింట్లో పళ్లు తీసి గిన్నెలో వేసింది. "ఏటే, ఆడు నన్ను బతికుండగానే సమాది రాయి సేసీసినాడు" — తన మాటకు తనే నోరంతా తెరిచి నవ్వింది. నేను గుమ్మం అవతల. ఫోన్ చేతిలోనే ఉంది. నొక్కాను. తను చూడలేదు.

21 జూన్
కెమెరా కొంటాను అన్నాను. అమ్మ — "నలుగురిలో పేరు చెప్పడానికే నీకు నోరు రాదు, అది మెడలో ఏసుకుని..." పూర్తి చేయలేదు. అక్కర్లేదు.
మామ్మ — "కొనుక్కోనీ. దాని కట్టం దానిది." తర్వాత, మెల్లగా నాతో — "కొన్నాక నన్ను తీత్తావేటి? ముందు సెప్పు. పళ్లెట్టుకుంతాను."

2 జూలై
మామ్మ లేదు. తెల్లవారి లేపితే లేవలేదు.

3 జూలై
మూత వేసే ముందు పెట్టె చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫొటో. ఎప్పుడూ ఉన్నదే. "కొంచెం దగ్గరకు. చెల్లీ, తలెత్తు."
ఎత్తాను. ఛీ.

5 జూలై
కాన్వెంటులో నాకు తెలుగు ఎవరూ నేర్పలేదు. ఈ అక్షరాలు మామ్మవి. బైబిలు మీద నా వేలు పట్టి దిద్దించినవి. ఆ బైబిలే కెమెరా ముందు తలుపులా అడ్డం పెట్టుకునేది.

9 జూలై
ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. గోడకు పెద్ద ఫొటో కావాలి. వంటింటి ఫొటో నాన్నకు చూపించాను. చాలాసేపు చూశారు. "ఇదీ మాయమ్మ" అన్నారు.
నా ఫొటో. గోడ మీద.

10 జూలై
నాన్నతో ఖిదిర్‌పూర్ స్టూడియో. స్టూడియో అతను తెర మీద పెద్దది చేస్తూ పోయాడు. వంటింటి చీకటి, దూరం నుంచి తీసింది... ముఖం మచ్చలు మచ్చలుగా విడిపోయింది. ముందు నవ్వే పోయింది. "ఫోనేర్ ఛొబి, దిది. బొడో హొబే నా." ఫోన్ ఫొటో, పెద్దది కాదట. అరచేయంత అయితే సరే.
నాన్న నా వైపు చూడకుండా — "జోయెల్‌ది అడుగుదాం."

13 జూలై, ఆదివారం
గోడ మీద మామ్మ. పళ్లతో, బైబిలుతో, ప్రతి వెంట్రుకా విడివిడిగా. పెదవులు బిగించి.
"బతికున్నట్టే ఉంది" — ఒకరి తర్వాత ఒకరు. నాన్న కూడా తలూపారు. అది క్షమించలేకపోతున్నాను.
సంఘ పెద్ద — "నువ్వూ తీస్తావట కదమ్మా. మంచిదొకటి కొనుక్కో."

19 జూలై
మళ్లీ ధర్మతల. అదే కెమెరా.
ఇది ఉండి ఉంటే ఆ నవ్వు గోడంతా వచ్చేది. ఇది ఉండి ఉంటే మామ్మ పళ్లు పెట్టుకునేది. రెండూ నిజమే. దుకాణంలో ఈ మాట ఎవరికి చెప్పను?
దుకాణదారు పట్టీ నా మెడలో వేశాడు. అద్దంలో చూసుకోమన్నాడు. అద్దంలో నేను — తల దించుకునే ఉన్నాను. నా వెనక బెంచీ మీద, ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఒక ముసలావిడ. నోరు తెరిచి ఆవలిస్తోంది. నేను తిరిగాను. ఆమె కెమెరాను చూసింది. నోరు మూసుకుంది. కొంగు సర్దుకుంది. నా కోసం కదలకుండా కూర్చుంది.
కట్టి ఇవ్వనా అని దుకాణదారు — "ప్యాక్ కొరి, దిది?"