మిసెస్ లిన్ అడిగిన మాట

మంగళవారం, ఫ్రీమాంట్

లైబ్రరీలో చైనా పెద్దవాళ్ళకు నేను చెప్పే ఇంగ్లీషు క్లాసులో ఇవాళ మిసెస్ లిన్ ‘ఫే’ (fey) అంటే ఏమిటని అడిగారు. పాతకాలం మాట, చావు దగ్గరపడ్డ మనిషికి ఉన్నట్టుండి వచ్చే వింత హుషారు అని చెప్పాను. ఆరిపోయే ముందు దీపం పెద్దగా వెలుగుతుందని మనం అనుకోమూ, అలాంటిదే. చైనీస్‌లోనూ ఇలాంటి మాట ఉందని ఆవిడ మెల్లగా అన్నారు.

క్లాసయ్యాక ఆవిడను కార్‌లో ఇంటి దగ్గర దింపాను. నెలల తరబడి మంచం దిగని వాళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తలుపు తీశారు. నవ్వుతూ నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చెయ్యి మంచుముక్కలా ఉంది. పాడుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

“పొద్దుట్నుంచీ ఇంతే, టీచర్,” అన్నారావిడ.

నేను ఫోన్ బయటికి తీశాను. “డాక్టర్‌కి కాల్ చేద్దామా?”

“చేశాను. పక్కనే ఉండమన్నారు. క్లాసులో చెప్పారే, ఆ ‘ఫే’కి ఇంకో అర్థం లేదా?”

“ఉందండీ. ఈ లోకంతో పనిలేనట్టు, కలలో ఉన్నట్టు ఉండేవాళ్ళని ఇప్పుడు అలా అంటారు.”

“అయితే నేను అదే నేర్చుకుంటాను,” అని ఆవిడ తలుపు వేసుకున్నారు.

లోపల పాట ఆగింది. మళ్ళీ మొదలవుతుందేమోనని చాలాసేపు గుమ్మం ముందే నిలబడ్డాను.