ఉడకబెట్టిన పెరుగు

బుధవారం, మధ్యాహ్నం

అల్లుడుగారికి అత్తగారు రాయునది.

నాకు ఊపిరి ఆడుతోంది, అంతకు మించి క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరూ బుడ్డదీ బాగుండాలి. మర్యాద ఇక్కడితో సరి. మిగతాదంతా కోపంతో రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే కూడబలుక్కుని చదవండి. ఫోన్లో అరిస్తే మీరు పెట్టేస్తారు.

నిన్న బుడ్డది అంతా చెప్పేసింది. అమ్మమ్మ పంపిన పెరుగుని నాన్న కుతకుతా ఉడకబెట్టి, చల్లార్చి పెడుతున్నాడట. అది విరిగి రబ్బరు ముక్కల్లా ఉంటే ఉమ్మేసిందట. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. పెరుగు ఉడకబెట్టిన మనిషిని నా జన్మలో ఇప్పుడే చూస్తున్నా బాబూ.

ఆసుపత్రిలో కత్తులూ కత్తెరలూ ఆవిరిలో పెట్టి క్రిముల్ని చంపడం మీ ఉద్యోగం. అక్కడ చంపండి, కాదన్నదెవరు? ఇంటికొచ్చి కూడా అదే డ్యూటీ చేస్తే ఎలా? అమ్మాయి రక్తంలో క్రిములు చేరి చనిపోయిన దగ్గర్నుంచీ మీరు తలుపు గొళ్ళెం కూడా కడుగుతున్నారు. కడిగి కడిగి పిల్ల చేతులు గరుకుబారిపోయాయి. మీ భయం నాకు తెలీదా? అమ్మాయిని కన్నదాన్ని నేను.

డాక్టరమ్మ చెప్పినప్పుడు మీరూ నా పక్కనే నించున్నారు కదా. బుడ్డదాని గొంతు వాపుకి వేసిన మందు చెడ్డ క్రిములతో పాటు పేగుల్లో మనకి పనికొచ్చేవాటినీ ఊడ్చేసిందనీ, అందుకే పిల్లకి విరేచనాలనీ చెప్పింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగిస్తూ పెరుగు పెట్టమంది. పాలని పెరుగు చేసేవే పేగుల్లోకి వెళ్ళి, పులుపు పుట్టించి, చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయట. బతికున్నవి వెళ్ళాలి అంది. మీరు వాటిని చంపి పిల్లకి పెడుతున్నారు. దానికి కడుపు ఎలా కుదుటపడుతుంది?

పైగా మిగిలింది సింకులో పోశారట. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు.

ఈ ఉత్తరంతో ఇంకో డబ్బా పంపుతున్నా. పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళారో, నేనే వచ్చి మీ వంటింట్లో కూర్చుంటా. అప్పుడు నన్ను కూడా ఆవిరిలో పెట్టుకోండి.

కోపం తగ్గని
మీ అత్త

చెప్పకూడదనుకున్నా, చెప్పక తప్పడం లేదు. ఆ పెరుగుకి వేసే తోడు మా ఇంటిదనుకుంటున్నారు, కాదు. అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, అది తోడుపెట్టిన గిన్నె మీ వంటింట్లో అలాగే ఉండిపోయింది. నేను కొంగు కింద పెట్టుకుని తెచ్చుకున్నా. అప్పట్నుంచీ రోజూ అందులోంచే ఒక చెంచా తీసి పాలల్లో వేస్తున్నా. మీరు సింకులో పోసింది అదే. డబ్బాలో ఓ పక్కన చిన్న గిన్నెలో తోడు వేరే పెట్టాను, మీకోసం. పాలు ఎంత కావాలంటే అంత మరిగించుకోండి. వేలు ఓర్చుకునేంత చల్లారాక వెయ్యండి. అదింకా బతికే ఉంది.