మునగయ్యకి ఎండ లైటు

కొండమీది బడి,
చింతపల్లి దారి

మేనత్త లోవలక్ష్మికి రోజారమణి నమస్కారాలు.

నేను క్షేమంగా చేరాను. బడి బాగుంది, పిల్లలు బాగున్నారు. సిగ్నల్ మాత్రం లేదు. ఫోను ఇక్కడ టార్చిలైటుగానే పనికొస్తోంది, అందుకే ఉత్తరం. కరెంటు కూడా వచ్చి పోతూ ఉంటుంది కాబట్టే మునగయ్యని నీ దగ్గర వదిలాను.

ఎవరైనా అడిగితే వాడు ఉడుము కాదని చెప్పు. ఇగ్వానా అంటారు, ఆకులు తినే పెద్ద బల్లి. పెంచుకోవడానికి కాగితాలు కూడా తీసుకున్నాను. మునగాకు, గుమ్మడిముక్కలు పెడితే చాలు. ముఖ్యమైనది లైటు. నా మంచం కింద అట్టపెట్టెలో ఉంది. దానిలోంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఇంట్లో ఉండే జీవికి అదే ఎండ. అది లేకపోతే ఎముకలు మెత్తబడిపోతాయి. పొద్దున్న వేసి సాయంత్రం ఆపెయ్యి. వాడికి అడుగు దూరంలో ఉండాలి, మధ్యలో అద్దం అడ్డు రాకూడదు.

నీ రోజా

తా.క. వాడు తోక ఊపితే కుక్కలాగా సంతోషపడుతున్నాడనుకోకు. కొట్టబోతున్నాడని అర్థం.

*

నర్సీపట్నం

చిరంజీవి రోజాకి అత్త దీవెనలు.

తోక సంగతి నీ ఉత్తరం అందకముందే తెలిసింది. పిక్క మీద వాత తేలింది.

పెట్టెలో ఉన్న వాటిలో నువ్వు చెప్పిన లైటు చూడగానే పోల్చుకున్నాను. పేరులోనే ఉంది కదా. వసారాలో మునగయ్య పంజరం పక్కన తగిలించాను. వాడు దానికేసి చూడడం లేదు, గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. కొత్త చోటు కదా, బెంగ అనుకున్నాను.

పక్కింటి దేవుడమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి, "ఇదేటి లోవలక్ష్మీ, బల్లికి కరెంటు దీపమేటి?" అంది. ఎముకలు గట్టిపడతాయని నువ్వు రాసిందే చెప్పాను. ఆవిడ వెంటనే చీర మోకాలిదాకా జరుపుకుని లైటు ముందు కూర్చుంది. ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. లేవమని నా నోటితో ఎలా అనను?

మీ అత్త

తా.క. కుడి మోకాలు తేలికపడిందట. రేపు ఎడమది తెస్తానంది.

*

కొండమీది బడి

అత్తకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి భయం వేసింది. ఆ లైటు జంతువుల కోసం చేసింది. మనుషులు దాని ముందు గంటలు గంటలు కూర్చోకూడదు. చర్మానికి మంచిది కాదు. ముఖ్యంగా కళ్ళకి హాని. దేవుడమ్మ పిన్నికి నచ్చజెప్పి పంపించెయ్యి. కళ్ళు చాలా జాగ్రత్త.

మునగయ్య లైటు కిందికి రాకపోతే వాడు ఎక్కి కూర్చునే కొమ్మని లైటు దగ్గరికి జరుపు. ఎలా తింటున్నాడో రాయి.

నీ రోజా

తా.క. దయచేసి ఇంకెవరికీ చెప్పకు.

*

నర్సీపట్నం

చిరంజీవి రోజాకి అత్త దీవెనలు.

నేను ఎవరికీ చెప్పలేదు. దేవుడమ్మ చెప్పింది.

కళ్ళు జాగ్రత్త అన్నావు కదా, బజారుకి వెళ్ళి నల్లద్దాలు తెచ్చి అందరికీ పెట్టాను. ఆటో నడిపే మన్మథరావు నడుము నొప్పితో వస్తున్నాడు. రోలుగుంట నుంచి అప్పయమ్మ తన వియ్యపురాలిని కూడా వెంటబెట్టుకుని బస్సులో వస్తోంది. అందరూ నల్లద్దాలు పెట్టుకుని వసారాలో వరసగా కూర్చుంటే, నిన్న ఒకాయన కంటి ఆపరేషన్ల క్యాంపు అనుకుని లోపలికి వచ్చి పేరు రాసుకోమన్నాడు. ఆయనకీ టీ ఇచ్చాను.

ఇదంతా నవ్వుతూ రాస్తున్నాను గాని, మనసు బాగాలేదమ్మా. మునగయ్య ముందుకాళ్ళు వణుకుతున్నాయి. కొమ్మ ఎక్కబోయి జారిపడ్డాడు. లేత మునగాకు ముందు పెట్టినా కళ్ళు మూసుకుంటున్నాడు. కొమ్మని లైటుకి ఆనించినంత దగ్గర పెట్టాను. ఇంతమంది ఎముకలకి పనిచేసేది వాడికెందుకు పనిచేయడం లేదు? నువ్వు నమ్మి అప్పజెప్పావు. వాడికేమైనా అయితే నీ మొహం ఎలా చూడను?

మీ అత్త

తా.క. ఈ లైటు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఇంట్లో ఒక్క దోమ లేదు. అన్నీ వచ్చి దానిలో పడి చిటపటమని మాడిపోతున్నాయి.

*

కొండమీది బడి

అత్తా,

అది దోమల లైటు.

నీలంగా వెలుగుతుంది కాబట్టి అదే అనుకున్నావు. అతినీలలోహితం కంటికి కనిపించదు అత్తా. మునగయ్య లైటు చూడ్డానికి మామూలు తెల్ల ట్యూబులైటులాగానే ఉంటుంది. నా గదిలోని దోమల లైటుని కూడా ఆ పెట్టెలోనే పడేసి, నీకు ఒక్క మాట చెప్పకపోవడం నా తెలివితక్కువ. తప్పు నీది కాదు.

తెల్లది వెతికి వెంటనే పెట్టు. మునగయ్యని బేగి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

రోజా

తా.క. మరి దేవుడమ్మ పిన్ని మోకాలు ఎలా తగ్గింది?

*

నర్సీపట్నం

చిరంజీవి రోజాకి అత్త దీవెనలు.

ముందు మంచిమాట. మునగయ్య తింటున్నాడు. నిన్న మళ్ళీ నన్ను తోకతో కొట్టాడు. ఆ దెబ్బకి నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

తెల్ల ట్యూబు మామూలుదే అనుకుని అటక మీద పెట్టాను, దించి తగిలించాను. నీ ఉత్తరం అందిన పూటే మన్మథరావు ఆటోలో మునగయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మాకు ముందు ఒక గేదె, రెండు మేకలు. డాక్టరు సూర్యప్రకాష్ గారు విశాఖలోని స్నేహితుడికి ఫోను చేసి మరీ చూశారు. "ఎముకల్లో సున్నం తగ్గిందండి, బేగి తెచ్చారు కాబట్టి పర్లేదు. లైటుతోపాటు పొద్దున్నపూట అసలైన ఎండ కూడా చూపించండి" అన్నారు.

సంచీ తీసుకుని లేవబోతే నా మోకాళ్ళు పట్టేశాయి, బల్ల పట్టుకుని లేచాను. ఆయన నన్నే చూస్తూ, "అమ్మా, మీరు ఎండలో కూర్చుని ఎన్నాళ్ళయింది?" అన్నారు. పొద్దుట్నుంచి చీకటిపడేదాకా కుట్టుమిషను ముందే కదా నా బతుకు. మనుషుల డాక్టరు దగ్గరికి పంపారు. రక్తం పరీక్ష చేయిస్తే మునగయ్యకి ఏది తక్కువో నాకూ అదే తక్కువని తేలింది.

ఇప్పుడు రోజూ పొద్దున్న మేమిద్దరం మేడమీద ఎండలో కూర్చుంటున్నాం. మిగతావాళ్ళకి దోమల లైటు సంగతి చెప్పేశాను. దేవుడమ్మ మోకాలు నిమురుకుంటూ, "దోమల్దైతే ఏటి? నా మోకాలు నాకు తెల్దేటి?" అంది. అయినా ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తానని తనూ మేడెక్కుతోంది. మీ కొండమీద ఇంకెవరి బల్లికైనా డాక్టరు కావాలంటే సూర్యప్రకాష్ గారి పేరు చెప్పు, బల్లిని తెచ్చిన మనిషి రోగం కూడా కనిపెడతారు.

మీ అత్త

తా.క. ఇద్దరి మందులూ ఒకే సంచీలో వేసి తెచ్చాను. ఇన్నాళ్ళూ మజ్జిగలో కలుపుకుని తాగింది మునగయ్య పొడి అని ఈరోజే తెలిసింది. డాక్టరుగారు భయం లేదన్నారు. కాకపోతే అది తాగిన దగ్గర్నుంచి ఎండలోంచి లేవబుద్ధి కావడం లేదు.